గంటకెంత, కేజీకెంత

“కేజీకి నలభై,” అన్నాడు తాత, అప్పటికి మూడోసారి.

“తాతా, ఆవిడ కేజీలు అడగట్లేదు. గంటసేపు కూర్చుని దూది ఏకి చూపిస్తే ఎంత తీసుకుంటారని అడుగుతోంది.”

“గంటేంటే? సైకిలు అద్దెకిస్తున్నామా గంటల్లెక్కన? దూది వాళ్ళదైతే కేజీకి నలభై. మనదైతే దూది ఖరీదు వేరే. చెప్పు ఆవిడకి.”

ఫోన్‌ని చున్నీలో మూడు మడతలు చుట్టి గుండెకి అదిమి పట్టుకున్నాను, మా మాటలు అవతలికి వినపడకూడదని. అవతల లైన్లో ఉన్నది ఒంగోలు దగ్గర ఓ ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పే మేడం. అంతకు రెండ్రోజుల ముందు కారాపి, చిలకలూరిపేటలో హైవే పక్కనున్న మా కొట్లో రెండు దిండ్లు కొనుక్కుంది. కొంటూ కొంటూ గోడ మీద, ఫోమ్ పరుపుల పైన వేలాడుతున్న ఏకే విల్లు చూసి “ఇదేంటి, ఏదన్నా వాయిద్యమా?” అంది. తాత నవ్వి, లేచి, నారిని వేలితో ఒక్కసారి మీటాడు. టుంయ్‌య్‌ మని కొట్టంతా మోగింది. ఆవిడ కళ్ళు ఇంతలేసి చేసుకుని నా నంబరు రాసుకుపోయింది. ఇదిగో, మూడో రోజుకి ఫోను. కాలేజీలో చేతిపనుల రోజు జరుపుతున్నారట, తాతగారొచ్చి పిల్లలకి ఏకి చూపించాలట, ఎంతివ్వమంటారో చెప్పాలట. “ఒక్క నిమిషం లైన్లో ఉండండి మేడం” అని చెప్పి చాలా నిమిషాలైంది.

“చూపించడానికి డబ్బులేంటి అసలు?” తాతకి కొత్త అనుమానం వచ్చింది. “చేస్తే కూలి. చూస్తే ఏముంది, చూసి పొమ్మను. ఇన్నేళ్ళూ ఎంతమంది అరుగుల మీద కూర్చుని చూళ్ళేదు, ఒక్కళ్ళ దగ్గరన్నా తీసుకున్నానా?”

అప్పుడు మా నాగూర్ బాబాయి కలగజేసుకున్నాడు. బాబాయి పెళ్ళిళ్ళకి బిర్యానీ వండుతాడు. ఊళ్ళు తిరిగిన మనిషి, అడ్వాన్సులు తీసుకునే మనిషి కాబట్టి రేట్ల విషయంలో ఇంట్లో ఆయన మాటకి విలువ. “నాన్నా, నువ్వూరుకో. సైదా, ఎంతమంది పిల్లలే? రెండొందలా? తలకి పదిహేనెయ్యి. నేను ప్లేటు లెక్కన తీసుకోనూ?”

“నీ బిర్యానీ తింటే కడుపు నిండుద్దిరా. నేను ఏకితే ఆ పిల్లలకి ఏం నిండుద్ది? ముక్కులు నిండుతాయి!”

నానమ్మ వంటింట్లోంచి చేటతో సహా వచ్చింది. “మనిషిని పొద్దున తీసుకెళ్ళి సాయంత్రం పంపిస్తారు. బీపీ బిళ్ళ టైముకి ఎవరేస్తారు? అది కలపండి. పంచకి గంజి పెట్టాలి, అది కలపండి. రెండొందల మంది ఆడపిల్లల కళ్ళు ఈయన మీద పడతాయి, దిష్టి తగలదా? దానికో ఐదొందలు కలపండి.”

“ఈ వయసులో నాకు దిష్టేంటే?”

“నీకేం తెలుసు? తెల్ల గడ్డం, తెల్ల పంచ, వెనకాల తెల్ల దూది. కొట్టొచ్చినట్టు కనపడతావు. ఐదొందలు కలపవే పిల్లా!”

ఇక నావల్ల కాలేదు. చున్నీ విప్పి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ఎవరు చెప్పిందీ కాకుండా నోటికొచ్చిన అంకె, “మూడు వేలు మేడం” అనేశాను. అంటూనే కళ్ళు మూసుకున్నాను.

“సరేనమ్మా,” అంది మేడం వెంటనే. ఆ తర్వాత గొంతులో నవ్వు దాచుకుంటూ, “దిష్టి కలిపే చెప్పావా, విడిగా ఇవ్వాలా?” అంది.

చున్నీ మూడు మడతలు కాదు, ముప్పై మడతలు వేసినా ఫోను ఫోనేనని నాకు ఆరోజు తెలిసింది.

మొన్న సింగరాయకొండ నుంచి ఎవరో ఫోన్ చేసి “మీ రేటెంతండీ?” అంటే టక్కున చెప్పేశాను. రానూపోనూ చార్జీలు వేరే, భోజనం మీది, ఫ్యాన్లు వేయకూడదు అని కూడా చెప్పేశాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే అరచెయ్యి చెమట పట్టి ఉంది. అంటే నోటికి అలవాటైంది గానీ చేతికి ఇంకా కాలేదన్నమాట. అప్పుడే ఆ చున్నీ గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకుంటూ కూర్చున్నాను. ఆ మేడం ఫోను చేసేనాటికి నేను పదో తరగతి దాటి ఇంట్లో కూర్చుని దిండు గలీబులు కుడుతున్నాను. నాన్న లారీ మీద, అమ్మ స్పిన్నింగు మిల్లులో షిఫ్టు మీద. ఇంట్లో మాట్లాడటానికి ఎవరూ దొరక్కపోతే కుట్టుమిషనుతో మాట్లాడేదాన్ని. నన్ను ఓ మనిషిగా లెక్కేసి “ఎంత?” అని అడిగిన మొదటి మనిషి ఆ మేడమే. నా నోటితో నేను చెప్పిన మొదటి రేటు ఆ మూడు వేలే. అందుకే అది నిలబడాలని అంత పంతం పట్టాను.

మాది దూదేకుల వాళ్ళ ఇల్లు. మా ఇంట్లో దూది లేని చోటు లేదు. పప్పులో దూది, దువ్వెనలో దూది, నమాజు చాప మీద దూది. చుట్టాలొచ్చి మంచినీళ్ళడిగితే నానమ్మ ముందు గ్లాసులోకి ఊది, తర్వాత నీళ్ళు పోసేది. మిరపకాయల కాలంలో మా ముందు నుంచి గుంటూరు వెళ్ళే లారీల ఘాటుకి దుమ్ము, దూది కలిసి ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్ళం. దానికీ ఓ వరస ఉండేది. ముందు తాత, తర్వాత నానమ్మ, ఆ తర్వాత నేను. ఎవరిదైనా వరస తప్పితే “ఏమైందే, ఒంట్లో బాగోలేదా?” అని అడిగేవాళ్ళు. కొత్త దూదిది ఎండలో ఆరేసిన బట్టల వాసన. పాత పరుపు విప్పితే వచ్చేది మాత్రం వేరు. తలనూనె, చంటిపిల్లల ఉచ్చ, అమృతాంజనం, ఏళ్ళ చెమట అన్నీ కలిసి అట్టకట్టిన వాసన. నానమ్మ ముక్కు మూసుకుని గోడవైపు తిరిగేది. తాత మాత్రం ఆ ముద్దని చేతిలోకి తీసుకుని, జాతకం చూసినట్టు చూసేవాడు.

నిజంగానే జాతకం చూసేవాడు. గుంటలు ఎక్కడ పడ్డాయో, అట్ట ఎక్కడ కట్టిందో చూసి ఆ ఇంటి సంగతంతా చెప్పేవాడు. “ఈ పరుపుకి రెండు గుంటలుండాలి, ఒక్కటే ఉంది. ఆయన వరండాలో పడుకుంటున్నాడు” అనేవాడు. “ఈవిడకి నడుం నొప్పి, కుడి పక్కకే తిరుగుద్ది. ఈళ్ళ పిల్లోడు పెద్దోడయ్యాక కూడా పక్క తడుపుతున్నాడు.” అన్నీ ఇంట్లో మా దగ్గరే. గడప దాటి ఒక్క మాట పోయేది కాదు. నానమ్మ గోడవైపు తిరిగే “ఇంకా ఇంకా?” అని అడిగేది. ఇప్పుడీ ఫోమ్ పరుపులకి గుంటలే పడవు. ఎవరు ఎటు తిరిగి పడుకున్నా, కొట్లాడుకున్నా, ఏడ్చినా పొద్దున్నే లేచి మళ్ళీ అట్టముక్కలా చదునుగా నిలబడతాయి. మనుషుల సంగతి దాచిపెట్టడంలో వాటంత గట్టివి లేవు. తాతకి వాటిమీద కోపమంతా అదేనని నా అనుమానం.

దూది ఏకే మెషీను రాకముందు తాత విల్లు భుజానేసుకుని, సైకిలు మీద పల్లెలన్నీ తిరిగేవాడట. దాచేపల్లి వైపు సిమెంటు దుమ్ములోకి వెళ్ళి వస్తే పైన దూది, కింద సిమెంటు, మనిషి మాత్రం ఎక్కడో మధ్యలో ఉండేవాడని నానమ్మ చెప్పేది. ఎక్కడికెళ్ళినా ఆయనకో పద్ధతి ఉంది. పరుపు కుట్టడం అయిపోయాక ఇంటి పెద్ద దాని మీద పడుకోవాలి. వెల్లకిలా ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి, అటు తిరిగి ఒకసారి. లేచి “బాగుంది మస్తానూ” అనాలి. అంతవరకు డబ్బు ముట్టుకునేవాడు కాదు. తొందర్లో ఉన్నవాళ్ళు “ఎందుకులే, బాగానే ఉంటుంది, తీసుకో” అని నోట్లు చేతిలో పెట్టబోతే చేతులు వెనక్కి కట్టుకునేవాడు. కోర్టుకి వెళ్ళబోతున్న ఓ ప్లీడరు గారిని నల్లకోటుతోనే పడుకోబెట్టి, లేపి, కోటుకంటిన దూది దులిపి పంపించాడని మా ఇంట్లో చెప్పుకుంటారు.

అలాంటి మనిషికి మూడు వేలనేసరికి నిద్ర పట్టలేదు. వద్దని కాదు. లెక్క కుదరక. మర్నాడు టీ తాగుతూ బొగ్గుతో అరుగు మీద రాసి మరీ చూపించాడు. “మూడు వేలంటే డెబ్బై ఐదు కేజీలే. మంచి వయసులో ఉన్నప్పుడే పొద్దున్నుంచి సందేళ దాకా కొడితే పదిహేను కేజీలు. గంటలో డెబ్బై ఐదు ఎవడమ్మా మొగుడు ఏకేది? ఫోన్ చేసి రెండొందలని చెప్పు.”

“చెప్పను. అన్న మాట వెనక్కి తీసుకుంటే ఆవిడ నన్ను ఇంకోసారి అడుగుద్దా?”

“ఎక్కువ చెప్పి తీసుకోడం సిగ్గు కాదా?”

“ఆవిడ ఒక్క క్షణంలో ఒప్పుకుంది నాన్నా,” అన్నాడు బాబాయి నెత్తి కొట్టుకుంటూ. “బేరం ఆడలేదంటే అర్థమేంటి? తక్కువ అడిగాం. ఐదు అనాల్సింది. ఈ పిల్లని నా దగ్గర నెలరోజులు పెట్టండి.”

తాత చివరికి ఓ మాట చెప్పాడు. వస్తాడట. కానీ గంట, గడియారం అని ఎవరూ అడ్డం రాకూడదు. ఒళ్ళు సహకరించినంతసేపు ఏకుతాడు. ఏకింది అక్కడే పరుపు కుట్టాలి. పద్ధతి ప్రకారం ఎవరైనా పెద్దమనిషి పడుకుని చూసి బాగుందంటేనే డబ్బు. లేకపోతే నేనన్న మూడు వేలు నేనే మర్చిపోవాలి. నేను గట్టిగా తలూపాను గానీ, గంట కార్యక్రమం అనుకుంటున్న ఆ మేడానికి ఇదంతా ఎలా చెప్పాలో తెలియక అసలు చెప్పడమే మానేశాను. అది నా తప్పే.

బస్సులో విల్లు పట్టించడమే ఓ తతంగం. మనిషి కంటే పొడుగు. ఒక కొస డ్రైవరు వెనకాల, ఇంకో కొస ఎవరో పెద్దాయన చంకలో. కండక్టరు వచ్చి “ఏందమ్మా ఇది, వీణా?” అన్నాడు. “దూది ఏకే విల్లండి” అన్నాను. “దీనికి టికెట్ కొట్టాలా, లగేజీ కొట్టాలా?” అని ఆయన ఆలోచనలో పడితే తాత, “కొట్టండయ్యా, అది నాకంటే పెద్దది, ఫుల్ టికెట్టే కొట్టండి” అన్నాడు. ఆరు కేజీల దూది బస్తా నా ఒళ్ళో ఉంది. మార్టూరు దాటేదాకా పక్క సీటావిడ దాని మీద తలపెట్టి హాయిగా నిద్రపోయింది.

కాలేజీ గేటు దగ్గర ప్రిన్సిపాల్ గారే ఎదురొచ్చారు. ఇస్త్రీ చొక్కా, రంగేసిన మీసం, బాగా పెద్దమనిషి తరహా. మా పేర్లు ముందే తెలుసుకున్నారు కాబోలు, చెయ్యి నుదుటి దాకా ఎత్తి “ఆదాబ్ అర్జ్ హై చాచాజీ” అన్నారు. ఉర్దూ ఒక్క ముక్క రాని తాత కంగారుపడి నావైపు చూసి, “నమస్కారమండి, బస్సు కాస్త ఆలస్యమైంది” అన్నాడు. వెనకాల మేడం నోటికి పుస్తకం అడ్డం పెట్టుకుంది.

హాల్లో స్టేజీ మీద తెర కట్టే ఇనప కమ్మీకి తాడేసి విల్లు వేలాడదీశాం. తాత పెట్టిన మొదటి షరతు ఫ్యాన్లు ఆపాలని. రెండొందల మంది ఆడపిల్లలు, ఒంగోలు ఎండ, ఫ్యాన్లు లేవు. పుస్తకాలతో విసురుకుంటూ కూర్చున్నారు పాపం. తాత తువ్వాలు ముక్కుకి కట్టుకుని, నారిని దూదిలోకి దించి, చెక్క గుండుతో ఒక్క దెబ్బ కొట్టాడు. టుంయ్. ఒక ముద్ద లేచి విడిపోయింది. టుంయ్, టుంయ్. రాయిలా ఉన్న దూది నురగలా పొంగుతోంది. పుస్తకాలతో విసురుకోవడం ఆగిపోయింది. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే అయినా, ఆ ఎత్తులో, అంతమంది ముందు చూస్తే నాకే కొత్తగా కనపడింది.

అయితే తాత మూతికి తువ్వాలు కట్టాడంటే ఇక మాట్లాడడు. నోరు తెరిస్తే దూదే కదా. ప్రిన్సిపాల్ గారు మైకు పట్టుకుని “చాచాజీ, ఈ కళ గురించి నాలుగు మాటలు” అంటే తాత గడ్డంతో నావైపు చూపించాడు. అంతే, మైకు నా చేతికొచ్చింది. మరి కుట్టుమిషనుతో మాట్లాడే దానికి మైకిస్తే ఆగుతుందా? విల్లు గురించి చెప్పాను, నారి గురించి చెప్పాను, ప్లీడరు గారి నల్లకోటు గురించి చెప్పాను. ఊరు పేర్లు, మనుషుల పేర్లు తీసేసి పరుపుల గుంటల సంగతి కూడా చెప్పాను. పిల్లలు పడీ పడీ నవ్వారు. “అక్కా, మా హాస్టలు పరుపులు చూసి చెప్పక్కా!” అని అరిచారు. ఇన్నాళ్ళు నోరు మూసుకోవే అన్నవాళ్ళందరూ ఒక్కసారి వచ్చి చూస్తే బాగుండుననిపించింది.

సరిగ్గా అప్పుడు ముందు వరసలో కళ్ళద్దాల పిల్ల లేచి, “అక్కా, నువ్వూ ఏకుతావా?” అని అడిగింది.

మా ఇంట్లో ఆడవాళ్ళది సూది, మగవాళ్ళది విల్లు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మనలేదు, అంతే. నిజం చెప్తే సరిపోయేది. కానీ మైకు చేతిలో ఉంటే నిజం కాస్త చిన్నదిగా అనిపిస్తుంది. “ఓ! రోజూ!” అన్నాను.

టుంయ్ ఆగిపోయింది. తాత తువ్వాలు కిందికి లాగి నావైపు చూశాడు. లేచి, పంచ దులుపుకుని, కూర్చోమన్నట్టు చోటు చూపించాడు. హాలంతా చప్పట్లు. ఏం చేస్తాను, కూర్చున్నాను. విల్లు అంత బరువుంటుందని నాకు తెలియదు. గుండు ఎత్తి, నా బలమంతా పెట్టి కొట్టాను. టుంయ్ అనలేదు, టప్‌మంది. విల్లు ఎదురు తిరిగొచ్చి నుదుటికి తగిలింది. దూది ముద్ద విడిపోకుండా ముద్దగానే లేచి, ఎగిరి, ముందు వరసలో లెక్కల మేడం కొప్పు మీద కూర్చుంది. హాలు కూలిపోయేంత నవ్వు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. తాత నవ్వలేదు. “లే” అన్నాడు, అంతే. మళ్ళీ తువ్వాలు కట్టుకున్నాడు.

గంట అయిపోయింది. ప్రిన్సిపాల్ గారు కృతజ్ఞతలు చెప్పారు, తాత ఏకుతున్నాడు. శాలువా తెచ్చారు, కప్పుతుంటే పక్కన పెట్టమని మోచేత్తో చూపించి ఏకుతూనే ఉన్నాడు. మేడం నా దగ్గరకొచ్చి మెల్లగా, “సైదా, తాతగారు ఎప్పుడు ఆపుతారమ్మా?” అంది.

“డెబ్బై ఐదు కేజీలు అవ్వాలంటున్నాడు మేడం. కంగారుపడకండి, మేం తెచ్చింది ఆరే.”

ఆవిడకి లెక్కంతా చెప్పక తప్పలేదు. విని నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కాసేపు తాతనే చూస్తూ నిలబడి, వెళ్ళి ప్రిన్సిపాల్ గారితో ఏదో మాట్లాడింది. తర్వాత కార్యక్రమం కూచిపూడి. స్టేజీ సగం వాళ్ళకి, సగం మాకు. ఆరుగురు పిల్లలు గజ్జెలు కట్టుకుని ఎడమవైపు ఆడుతుంటే, కుడివైపు తాత టుంయ్ టుంయ్. కొంతసేపటికి తాళం ఎవరిదో, దెబ్బ ఎవరిదో తెలియకుండా కలిసిపోయింది. అంతా బాగానే ఉండేది గానీ, డాన్సు పిల్లలకి ఉక్కపోస్తోందని ఎవరో జాలిపడి ఫ్యాన్లు వేశారు.

అప్పటికి నాలుగు కేజీలు పొంగి గుట్టగా ఉంది. ఆ గుట్ట ఒక్కసారి లేచింది. హాలంతా తెల్లగా అయిపోయింది. పిల్లలు కేకలు, తుమ్ములు. “ఆపండి! ఆపండి!” అని ప్రిన్సిపాల్ గారు అరుస్తూ స్విచ్చుల దగ్గరకి పరిగెత్తారు. ఫ్యాన్లు ఆగాక ఆయన ఇటు తిరిగితే మీసం తెల్లబడి, తాత అన్నయ్యలా ఉన్నారు. రెండొందల మంది ఆడపిల్లలు వంగి, బల్లల కిందా జడల్లోనూ ఏరి, తాత ముందు మళ్ళీ గుట్ట పోశారు. తాత మళ్ళీ మొదటి నుంచి ఏకాడు.

సాయంత్రం నాలుగింటికి ఆరు కేజీలు అయ్యాయి. పరుపు గుడ్డలో నింపి, దబ్బనాలు తలా ఒకటి ఇస్తే పిల్లలు వేళ్ళు గుచ్చుకుంటూ కుట్టారు. నేను ఇక్కడ మాత్రం నిజంగానే నేర్పాను, సూది నాదే కదా. అప్పుడు ప్రిన్సిపాల్ గారు కవరు పట్టుకొచ్చారు. తాత చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

“తమరు పడుకోవాలండి.”

“నేనా? ఇక్కడా?”

“పెద్దవాళ్ళు ఎవరో ఒకరు పడుకుని బాగుందనాలండి. లేకపోతే తీసుకోను.”

పిల్లలు “సార్! సార్! సార్!” అని బల్లలు కొట్టడం మొదలుపెట్టారు. ఆయన పాపం బూట్లు విప్పి, పరేడు గ్రౌండులో నిలబడ్డట్టే పడుకున్నారు. “చాలా బాగుంది” అన్నారు కప్పు వైపు చూస్తూ.

“అట్టా కాదండి. ఇటు తిరగండి. ఇప్పుడు అటు.” ప్రిన్సిపాల్ గారు ఇటు తిరిగారు, అటు తిరిగారు. తాత ఆయన ముఖంలోకి వంగి చూశాడు. “బాగోలేదండి. మొహమాటపడుతున్నారు. నడుం కింద ఎక్కడో గడ్డ తగులుతోంది కదండీ?”

“అంటే... కొంచెం...”

తాత ముఖం మాడిపోయింది. విల్లు వైపు చూశాడు, మళ్ళీ విప్పి ఏకుదామా అన్నట్టు. నా మూడు వేలు, నా మాట, అన్నీ ఆ గడ్డ కింద పడి నలిగిపోతున్నాయి. అప్పుడు మేడం ముందుకొచ్చి, “సార్, మీ వెనక జేబులో ఫోను” అంది. ఆయన తడుముకుని ఫోను, తాళంచెవుల గుత్తి, పర్సు తీసి పక్కన పెట్టి మళ్ళీ పడుకున్నారు. ఆ తర్వాత భుజాలు జారాయి, మెడ జారింది, “అబ్బా...” అన్నారు. ఆ అబ్బా ఆయన అన్నది కాదు, ఆయనలోంచి వచ్చింది. తాత చేతులు ముందుకి తెచ్చి కవరు అందుకున్నాడు.

తిరుగు బస్సులో బోలెడు ఖాళీ. విల్లుకే ఒక సీటు ఇచ్చాం. నేను గెలిచిన ఊపులో ఆగకుండా మాట్లాడుతున్నాను. తాత కవరు విప్పి, ఆరు ఐదొందల నోట్లు చూసి, ఒకటి తీసుకుని మిగతావి నా ఒళ్ళో పెట్టాడు. బనీను జేబులోంచి పదులూ ఇరవైలూ తీసి తడి వేలితో లెక్కపెట్టి, రెండొందల అరవై అవీ పెట్టాడు.

“ఇదేంటి తాతా?”

“ఆరు కేజీలు, నా కూలి రెండొందల నలభై. అది తీసుకున్నా. మిగతాది నీ నోటి కూలి.”

“ఛ, అదేం లెక్క!”

“ఎగతాళి కాదే. నువ్వు మాట్లాడావు, ఆ పిల్లలు నవ్వారు. బాగా మాట్లాడావు. నా పని రేటు నాకు తెలుసు. నీ పని రేటు నాకు తెలవదు. మిగిలిందంతా అదే అయ్యుంటది.” అని కిటికీ మీద తలానించి కళ్ళు మూసుకున్నాడు.

ఆయన గొంతులో దెప్పడం లేదు. ఉంటే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. ఒళ్ళో అంత డబ్బు, నుదుటి మీద విల్లు కొట్టిన బొప్పి. ఓ! రోజూ! అన్న నా గొంతే మళ్ళీ మళ్ళీ వినపడింది. చిలకలూరిపేట వచ్చేదాకా నేను నోరెత్తలేదు. దిగాక తాత కంగారుపడి నా నుదురు పట్టుకుని జ్వరం ఉందేమో చూశాడు. ఇంటికెళ్ళగానే నానమ్మ ఇద్దరికీ కలిపి ఎండు మిరపకాయలూ ఉప్పూ తిప్పి పొయ్యిలో వేసి, “చూశారా, కాస్తయినా ఘాటొచ్చిందా? అంత దిష్టి! ఐదొందలు ఏ మూలకి?” అంది.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు లేచాను. బ్లేడు తీసుకుని నా దిండు కుట్లు ఒక్కొక్కటీ కోసేశాను. చిన్నప్పటి నుంచి నేను తల పెట్టుకున్న దిండు, లోపల దూది నా నూనెకి ముద్దలు కట్టి పసుప్పచ్చగా ఉంది. దాన్ని చాప మీద బోర్లించి, చున్నీ ముక్కుకి బిగించి కట్టుకుని, విల్లు దూలానికి వేలాడదీసుకుని కూర్చున్నాను. మొదటి దెబ్బకి మోకాలు పగిలింది. రెండో దెబ్బకి చాప లేచింది. ఆ చప్పుడుకి తాత టీగ్లాసుతో వచ్చి గడపలో నిలబడ్డాడు. నేను తలెత్తలేదు. ఆయన కాసేపు చూసి, “ఎడం చెయ్యి దించు” అన్నాడు. దించి మళ్ళీ కొట్టాను.